సెకనులో పదో వంతు ఆగితే

ముంబయిలోని నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజీలో ఉదయం 9.15కు ముందు జరిగే పని తీరు వేరు, ఆ తర్వాత మధ్యాహ్నం 3.30 దాకా జరిగే పని తీరు వేరు. మార్కెట్ తెరిచే సమయం 9.15 అనుకునే చాలామంది మదుపరులకు ఈ తేడా కంటపడదు. ఈ అధ్యాయమంతా ఆ తేడా గురించే. షేర్ల మార్కెట్లో ఎవరికి లాభం, ఎవరికి ఖర్చు, కోట్లాది రూపాయల యంత్రాలు దేనికోసం పరుగులు తీస్తున్నాయి అన్న ప్రశ్నలకు జవాబు అక్కడే దొరుకుతుంది.

మొదటి భాగం పేరు ప్రీ-ఓపెన్ సెషన్. 2010 అక్టోబరులో మన ఎక్స్ఛేంజీలు దీన్ని మొదలుపెట్టాయి. అప్పుడు ఖరారైన పద్ధతి ప్రకారం 9 గంటల నుంచి సుమారు 9.08 వరకు ఎవరైనా ఆర్డర్లు పెట్టొచ్చు, మార్చుకోవచ్చు, రద్దు చేసుకోవచ్చు. అంతసేపూ ఒక్క లావాదేవీ కూడా జరగదు. గడువు ముగిశాక కంప్యూటరు ఆర్డర్లన్నిటినీ ఒక్కచోట పేర్చి, ఏ ధర దగ్గర ఎక్కువ షేర్లు చేతులు మారతాయో లెక్క కడుతుంది. ఆ ఒక్క ధరకే అందరికీ లావాదేవీ పూర్తవుతుంది. దీన్నే కాల్ ఆక్షన్ అంటారు. మనం బ్యాచ్ వేలం అనుకుందాం.

ఒకే ధర ఎలా తేలుతుంది?

ఒక కంపెనీ షేరుకు వచ్చిన ఆర్డర్లు ఇవి అనుకోండి. కొనేవాళ్లలో ఒకరు 102 రూపాయలకు 300 షేర్లు, ఇంకొకరు 101కి 400, మరొకరు 100కి 500, ఇంకా ఒకరు 99కి 600 అడిగారు. అమ్మేవాళ్లలో ఒకరు 98కి 200, ఒకరు 99కి 300, ఒకరు 100కి 500, ఒకరు 101కి 700 పెట్టారు.

ధర 99 దగ్గర నిలిపితే కొనడానికి నలుగురూ సిద్ధమే. మొత్తం 1,800 షేర్లకు గిరాకీ ఉంది. కానీ ఆ ధరకు అమ్మడానికి వచ్చినవి 500 మాత్రమే. కాబట్టి 500 షేర్లే చేతులు మారతాయి. ధర 101 దగ్గర నిలిపితే అమ్మకానికి 1,700 షేర్లున్నా కొనేవాళ్లు 700 వరకే. అదే 100 దగ్గర గిరాకీ 1,200, సరఫరా 1,000. అంటే 1,000 షేర్లు చేతులు మారతాయి. అన్నిటికంటే ఎక్కువ ఇక్కడే కాబట్టి ధర 100గా ఖాయమవుతుంది.

ఇక్కడ రెండు సంగతులు గమనించాలి. 102 ఇస్తానన్న వ్యక్తి కూడా 100 మాత్రమే చెల్లిస్తాడు. 98కి ఇచ్చేస్తానన్న వ్యక్తికి కూడా 100 దక్కుతుంది. తన మనసులోని అసలు ధర చెప్పినందుకు ఎవరూ నష్టపోలేదు. ఇక రెండోది: 102 ఇస్తానన్న ఆర్డరు 9 గంటలకు వచ్చినా, 9.06కు వచ్చినా దానికి దక్కేది ఒకటే. ముందు రావడం వల్ల కొంత మేలు జరిగేది ఒక్కచోటే. సరిగ్గా 100 రూపాయల దగ్గర అడిగినవాళ్లకు 500కు బదులు 300 షేర్లే మిగిలాయి కదా, అవి ఎవరికి అన్నప్పుడు ముందొచ్చినవారికి ప్రాధాన్యం ఉంటుంది.

ఈ పద్ధతిని రూపొందించినవాళ్లు ఇంకో జాగ్రత్త కూడా తీసుకున్నారు. ఆర్డర్లు తీసుకోవడం సరిగ్గా 9.08కే ఆగదు. 9.07కూ 9.08కీ మధ్య ఏదో ఒక క్షణాన ఆపేస్తారు. అది ఏ క్షణమో ముందుగా ఎవరికీ తెలియదు. చివరి క్షణం దాకా కాచుకుని దూరేద్దామనుకునేవాళ్లకు అది అడ్డుకట్ట.

నిజామాబాద్ మార్కెట్ యార్డులో పసుపు అమ్మిన రైతుకు ఈ పద్ధతిలోని ధర్మం కొత్త కాదు. 2016లో మొదలైన ఈ-నామ్ విధానంలో వ్యాపారులు నిర్ణీత గడువులోగా తమ తమ బిడ్లు వేస్తారు. గడువు ముగిశాక ఎక్కువ ధర పెట్టినవారికి సరుకు దక్కుతుంది. పసుపు కుప్ప దగ్గరికి ముందుగా పరుగెత్తుకొచ్చిన వ్యాపారికే సరుకు అనే నియమం పెడితే రైతు ఒప్పుకోడు. పరుగులో గెలిచినవాడు మంచి ధర ఎందుకిస్తాడని అడుగుతాడు. ఆ ప్రశ్ననే షేర్ల మార్కెట్‌కు వేయాలి.

9.15 తర్వాత

9.15 దాటాక నియమం మారిపోతుంది. ఆర్డర్లు ఒకదాని వెనక ఒకటి వరుసలో వస్తాయి. వచ్చినదాన్ని వచ్చినట్టే కంప్యూటరు తీసుకుంటుంది. జత కుదిరితే అక్కడికక్కడే లావాదేవీ పూర్తవుతుంది, కుదరకపోతే ఆర్డరు బుక్‌లో నిలబడుతుంది. మంచి ధరకు ముందు చోటు, ధర సమానమైతే ముందొచ్చినదానికి ముందు చోటు. వినడానికి ఇది చాలా న్యాయంగా అనిపిస్తుంది. రేషన్ షాపు నుంచి రైల్వే కౌంటరు దాకా మనం పాటించేది ఇదే కదా.

చిక్కు ఎక్కడుందో చూద్దాం. మార్కెట్లో ఎప్పుడూ కొనడానికీ అమ్మడానికీ సిద్ధంగా నిలబడే సంస్థలుంటాయి. వాటిని మార్కెట్ మేకర్లు అంటారు. అలాంటి సంస్థ ఒకటి ఒక షేరును 99.95కు కొంటాననీ, 100.05కు అమ్ముతాననీ ఆర్డర్లు పెట్టి ఉంచింది. ఆ పది పైసల తేడాయే దాని బతుకుదెరువు. మీరు సెల్‌ఫోన్లో నొక్కిన వెంటనే షేరు దొరుకుతోందంటే ఇలాంటివాళ్లు అవతల నిలబడి ఉండటం వల్లే.

ఇంతలో సూచీ ఫ్యూచర్స్, అంటే మార్కెట్ సూచీ మీద జరిగే ముందస్తు ఒప్పందాల ధరలు, ఒక్కసారిగా పెరిగాయి. దాన్నిబట్టి ఈ షేరు అసలు విలువ ఇప్పుడు 100.20. ఈ సంగతి రహస్యం కాదు, అందరి తెరల మీదా ఒకేసారి కనిపించింది. మార్కెట్ మేకర్ వెంటనే తన పాత ఆర్డరును రద్దు చేయమని సందేశం పంపాడు. అదే క్షణంలో పది ఇతర సంస్థలు 100.05కు కొంటామని సందేశాలు పంపాయి. పదకొండు సందేశాలు, పదకొండూ సమాన వేగంతో వచ్చినవే. కానీ కంప్యూటరు ఒక్కొక్కదాన్నే తీసుకుంటుంది. మార్కెట్ మేకర్ సందేశం మొదట అందే అవకాశం పదకొండింటిలో ఒకటి. మిగతా పది సార్లు ఎవరో ఒకరు ఆ షేర్లను గద్దలా తన్నుకుపోతారు. పరిశ్రమ దీన్ని స్నైపింగ్ అంటుంది.

ఆ మార్కెట్ మేకర్ ఎవరికీ తీసిపోడు. యంత్రాలూ మంచివే, తెలివీ ఉంది. అయినా ఒక్కడు పదిమందితో పరుగెత్తాలి కాబట్టి ఎక్కువసార్లు ఓడతాడు. ఆ నష్టాన్ని పూడ్చుకోవడానికి కొనుగోలు ధరకూ అమ్మకం ధరకూ మధ్య తేడాను పది పైసల నుంచి పన్నెండుకో, పదిహేనుకో పెంచుతాడు. ఆ అదనపు పైసలు చివరికి మామూలుగా కొని అమ్ముకునేవాళ్ల మీద పడతాయి. మ్యూచువల్ ఫండ్ ద్వారానో, పెన్షన్ నిధి ద్వారానో మార్కెట్లో ఉన్న ప్రతి ఒక్కరి మీదా పడతాయి.

కొండల్ని తొలిచిన కేబుల్

ఈ పరుగు ఎంత దూరం వెళ్లిందో అమెరికా చూపించింది. సూచీ ఫ్యూచర్స్ షికాగోలో, అదే సూచీని అనుసరించే ఫండ్ యూనిట్లు న్యూయార్క్ పరిసరాల్లో లావాదేవీ అవుతాయి. ఒకచోట ధర మారితే రెండోచోటికి ఆ కబురు ముందు చేర్చినవాడికి లాభం. 2010లో స్ప్రెడ్ నెట్‌వర్క్స్ అనే సంస్థ సుమారు 30 కోట్ల డాలర్ల ఖర్చుతో ఈ రెండు చోట్ల మధ్య వీలైనంత తిన్నగా ఆప్టికల్ ఫైబర్ వేసింది. అడ్డొచ్చిన పెన్సిల్వేనియా కొండల్ని కూడా తొలిచింది. కబురు వెళ్లి రావడానికి పట్టే సమయం 16 మిల్లీసెకన్ల నుంచి 13కు తగ్గింది. మిల్లీసెకను అంటే సెకనులో వెయ్యో వంతు.

కొన్నేళ్లకే ఆ కేబుల్ వెనకబడిపోయింది. గాజు తీగలో కాంతి వేగం శూన్యంలో ఉన్న వేగంలో మూడింట రెండు వంతులే. గాలిలో దాదాపు పూర్తి వేగం ఉంటుంది. అందుకని టవర్ల మీద మైక్రోవేవ్ యాంటెన్నాలు అమర్చారు. సమయం తొమ్మిది మిల్లీసెకన్ల దరిదాపుకు వచ్చింది.

ఈ పరుగు వల్ల సమాజానికి దక్కిందేమిటని అడిగినవారు షికాగో విశ్వవిద్యాలయ ఆర్థికవేత్త ఎరిక్ బుడిష్. పీటర్ క్రామ్టన్, జాన్ షిమ్‌లతో కలిసి ఆయన 2005 నుంచి 2011 దాకా ఆ రెండు మార్కెట్ల వివరాలను మిల్లీసెకన్ల లెక్కన పరిశీలించారు. 2015లో వెలువడిన ఆ పరిశోధనలో రెండు విషయాలు తేలాయి. గంటల లెక్కన చూస్తే రెండు ధరలూ నీడలా ఒకదాని వెంట ఒకటి నడుస్తాయి. ఒక మిల్లీసెకను లెక్కన చూస్తే వాటి మధ్య సంబంధం దాదాపు సున్నా. అంటే ఎంత చిన్న కాలానికి దిగితే అంత స్పష్టంగా ఒకచోట పాత ధర, ఇంకోచోట కొత్త ధర కనిపిస్తాయి.

రెండో విషయం మరీ ముఖ్యం. అలాంటి ఒక అవకాశం 2005లో మధ్యగతం (మీడియన్) లెక్కన 97 మిల్లీసెకన్లు నిలిచేది. 2011 నాటికి 7 మిల్లీసెకన్లకు తగ్గింది. కానీ ఒక్కో అవకాశంలో ఉండే లాభం మాత్రం ఏళ్లు గడిచినా పెద్దగా తగ్గలేదు. మామూలు పోటీలో లాభం కరిగిపోయి వినియోగదారుడికి చేరుతుంది. ఇక్కడ అది జరగలేదు. గెలవడానికి కావలసిన వేగం మాత్రమే పెరుగుతూ పోయింది. దీన్నిబట్టి బుడిష్ బృందం లోపం వ్యాపారుల దురాశలో లేదు, మార్కెట్ నియమంలోనే ఉందని తేల్చింది. కాలాన్ని ముక్కలు చేయకుండా, ఎంత చిన్న తేడానైనా గెలుపోటములుగా లెక్కించే నియమం ఉన్నంతకాలం ఇంకా వేగం కొనుక్కోవడానికి ఎవరో ఒకరికి కారణం ఉంటూనే ఉంటుంది.

లండన్ స్టాక్ ఎక్స్ఛేంజీకి 2015లో సుమారు తొమ్మిది వారాలపాటు అందిన సందేశాలన్నిటినీ, ఓడిపోయిన సందేశాలతో సహా, బుడిష్ మరో ఇద్దరితో కలిసి పరిశీలించారు. 2022లో ప్రచురితమైన ఆ అధ్యయనం ప్రకారం ప్రధాన సూచీలోని ఒక్కో షేరుకు దాదాపు నిమిషానికొకటి చొప్పున ఇలాంటి పందేలు జరుగుతున్నాయి. మొత్తం లావాదేవీల విలువలో ఐదో వంతుకు పైగా వీటిలోనే సాగుతోంది. మొదటివాడికీ రెండోవాడికీ మధ్య అన్నిటికంటే తరచుగా కనిపించిన తేడా 5 నుంచి 10 మైక్రోసెకన్లు. 10 మైక్రోసెకన్లంటే సెకనులో లక్షో వంతు. గెలుపుల్లో 80 శాతానికి పైగా ఆరు సంస్థల చేతికే వెళ్లాయి.

హైదరాబాద్ నుంచి ముంబయికి

మన సంగతి చూద్దాం. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి ముంబయికి రోడ్డు దారి దాదాపు 700 కిలోమీటర్లు. ఆ దారిన కేబుల్ వేసి ఉందనుకున్నా ఆర్డరు చేరడానికి కనీసం మూడున్నర మిల్లీసెకన్లు, అంటే 3,500 మైక్రోసెకన్లు పడుతుంది. లండన్‌లో లెక్క తేలినట్టు ఒక పందెం 10 మైక్రోసెకన్లలో ముగిస్తే, హైదరాబాద్ ఆర్డరు దారిలో ఉండగానే 350 పందేలు ముగిసిపోయేంత సమయం అది. దీనికి విరుగుడుగానే పెద్ద సంస్థలు తమ కంప్యూటర్లను ఎక్స్ఛేంజీ భవనంలోనే అద్దెకు పెట్టుకుంటాయి. దాన్ని కొలొకేషన్ అంటారు.

ఒకే భవనంలో ఉన్నా పరుగు ఆగలేదని మన అనుభవమే చెబుతుంది. 2014కు ముందు నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజీ ధరల వివరాలను కొలొకేషన్ సభ్యులకు ఒకరి తర్వాత ఒకరికి పంపే పద్ధతి వాడేది. ఉదయం ముందుగా కనెక్ట్ అయినవారికి ముందుగా అందేవి. ఆ తర్వాత అందరికీ ఒకేసారి పంపే మల్టీకాస్ట్ పద్ధతికి మారింది. 2015లో ఫిర్యాదులు వచ్చాయి. 2019లో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 624.89 కోట్ల రూపాయలు, వడ్డీతో సహా కట్టమని ఎక్స్ఛేంజీని ఆదేశించింది. 2023 జనవరిలో అప్పిలేట్ ట్రైబ్యునల్ ఆ మొత్తం కట్టాలన్న భాగాన్ని కొట్టేసింది. కుమ్మక్కు జరిగిందనడానికి తగిన సాక్ష్యం లేదని 2024లో సెబీ ఆ ఆరోపణలను ముగించింది. తప్పెవరిదన్న చర్చ పక్కన పెట్టినా మిగిలే పాఠం ఒకటుంది. ముందొచ్చినవాడికే బహుమతి అన్నంతకాలం గుమ్మం దగ్గర ఒక అంగుళం చోటు కోసం కూడా పోరాటం తప్పదు. ఆ భవనంలో అందరి తీగలనూ ఒకే పొడవుకు కత్తిరించినా ఆ పోరాటం ఇంకోచోట మొలుస్తుంది.

బ్యాచ్ ఏం మారుస్తుంది?

బుడిష్ బృందం ప్రతిపాదన చాలా సాదాసీదాది. ఉదయం ప్రీ-ఓపెన్‌లో ఎనిమిది నిమిషాల పాటు చేసే పనిని రోజంతా, సెకనుకు పదిసార్లు చేయండి. ప్రతి 100 మిల్లీసెకన్లకు ఒక బ్యాచ్. ఆ లోపల వచ్చిన ఆర్డర్లన్నీ సమానం. ముగిశాక ఒకే ధర. మనిషి రెప్పపాటులో ఇలాంటి వేలాలు రెండు మూడు పూర్తవుతాయి. ఫోన్లో ఆర్డరు పెట్టేవారికి ఈ ఆలస్యం తెలియను కూడా తెలియదు.

ఇందాకటి మార్కెట్ మేకర్ దగ్గరికి వెళ్దాం. 100 మిల్లీసెకన్ల బ్యాచ్ నడుస్తుండగా కబురు వచ్చింది. అతని యంత్రం అందరికంటే 100 మైక్రోసెకన్లు నెమ్మది అనుకుందాం. కబురు ఆ బ్యాచ్‌లో చివరి 100 మైక్రోసెకన్లలో వస్తే తప్ప, అతను హాయిగా తన పాత ఆర్డరు రద్దు చేసుకోగలడు. అంటే వెనకబాటు దెబ్బతీసేది వెయ్యింట ఒకసారి. ఆ ఒక్కసారి కూడా పదిమంది వచ్చి పడితే, వాళ్లలో వాళ్లే పోటీపడాలి. ఒకరు 100.10 అంటారు, ఇంకొకరు 100.15 అంటారు, మరొకరు 100.19 అంటారు. ధర అసలు విలువ దగ్గరికి చేరుతుంది. ఆ పైసలు వేగగాడి జేబులోకి పోకుండా అమ్మినవాడికే దక్కుతాయి. పోటీ ఆగలేదు. వేగం మీద జరిగే పోటీ ధర మీదికి మళ్లింది.

ఇందులో మార్కెట్ స్వభావానికి విరుద్ధమైనది ఏమీ లేదు. న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీ 1871 దాకా ఒక్కో షేరు పేరు వరసగా పిలిచి వేలం వేసేది. పారిస్ మార్కెట్ 1980లలో కంప్యూటర్లు వచ్చేదాకా వేలం పద్ధతిలోనే నడిచింది. ఎడతెగని లావాదేవీ అన్నది మనుషులు ఎంచుకున్న ఏర్పాటు. మళ్లీ ఎంచుకునే హక్కు కూడా మనుషులకుంది.

అభ్యంతరాలు

ప్రతిపాదన మీద గట్టి అభ్యంతరాలున్నాయి. వాటిని దాటవేయకూడదు.

మొదటిది తైవాన్. అక్కడి స్టాక్ ఎక్స్ఛేంజీ చాలాకాలం బ్యాచ్ పద్ధతిలోనే నడిచి, 2020 మార్చి 23న ఎడతెగని పద్ధతికి మారింది. బ్యాచ్ మంచిదైతే ఎందుకు వదిలారని అడగొచ్చు. కానీ మార్పుకు ముందు అక్కడి వ్యవధి ఐదు సెకన్లు. ఇక్కడ అడుగుతున్నదానికి యాభై రెట్లు. మన దేశంలోనూ 2013లో అంతగా లావాదేవీలు జరగని షేర్లకు సెబీ గంటకోసారి వేలం పెట్టింది. అంతసేపు ఆగాల్సిరావడం మదుపరులకు ఇబ్బంది అయింది. ఈ రెండూ చెప్పేది వ్యవధి అతిగా ఉంటే చేటని. సెకనులో పదో వంతుకు అవి వర్తించవు.

రెండోది, ఒక ఎక్స్ఛేంజీ బ్యాచ్‌కు మారి ఇంకోటి మారకపోతే పెద్ద వ్యాపారం పాతచోటికే పోవచ్చు. ఎక్స్ఛేంజీలకు కొలొకేషన్ అద్దెలూ, వేగంగా వివరాలిచ్చే సేవలూ ఆదాయం కూడా. తమంతట తాము దాన్ని వదులుకుంటాయని ఆశించలేం. డజనుకు పైగా ఎక్స్ఛేంజీలున్న అమెరికాలో ఇది పెద్ద చిక్కు. మన దగ్గర షేర్ల వ్యాపారమంతా దాదాపు రెండు ఎక్స్ఛేంజీల్లోనే సాగుతుంది, రెండింటికీ నియంత్రణ సంస్థ సెబీ ఒక్కటే. రెండింటినీ ఒకే రోజు మార్చగల శక్తి మనకుంది.

మూడోది, ఈ మార్పు వల్ల దక్కేది ఎంత? లండన్ అధ్యయనంలో ఆ పరుగు ఖరీదు లావాదేవీ విలువలో 0.42 బేసిస్ పాయింటు. లక్ష రూపాయలకు 4 రూపాయల 20 పైసలు. ఏడాదికి రెండుసార్లు షేర్లు కొనే కుటుంబానికి అది లెక్కలోకి రాదు. కానీ ప్రపంచ షేర్ల మార్కెట్లన్నిటికీ కలిపి ఆ పరిశోధకులు వేసిన అంచనా ఏటా దాదాపు 500 కోట్ల డాలర్లు. ఈ పరుగు ఆగిపోతే మదుపరులు చెల్లించే లావాదేవీ ఖర్చు 17 శాతం తగ్గుతుందని కూడా వాళ్ల లెక్క.

ఇంకో మాట నిక్కచ్చిగా చెప్పాలి. 2024లో సెబీ వెల్లడించిన అధ్యయనం ప్రకారం మూడేళ్లలో ఎఫ్అండ్ఓలో (ఫ్యూచర్స్, ఆప్షన్స్ వ్యాపారంలో) దిగిన వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలకు పైనే. బ్యాచ్ వేలం వాళ్లను కాపాడదు. వాళ్లలో ఎక్కువమందిది తప్పుడు పందెం, నెమ్మది యంత్రం కాదు. ఈ సంస్కరణను జూదానికి మందుగా అమ్మితే మోసమే అవుతుంది. ఇది చేసే పని ఒక్కటే: అందరికీ తెలిసిన కబురు మీద ఎవరు ముందు దూరారన్న దాన్నిబట్టి డబ్బు చేతులు మారడాన్ని ఆపుతుంది.

మనం చేయాల్సింది

సెబీకి ఈ ఆలోచన కొత్త కాదు. 2016 ఆగస్టులో ఆల్గో ట్రేడింగ్, కొలొకేషన్‌ల మీద విడుదల చేసిన చర్చాపత్రంలో బ్యాచ్ వేలాన్ని కూడా ఒక మార్గంగా పేర్కొంది. 2018లో చివరకు తెచ్చిన చర్యల్లో చిన్న బ్రోకర్లకు ఉమ్మడి కొలొకేషన్, ధరల వివరాలు ఉచితంగా ఇవ్వడం లాంటివి ఉన్నాయి. బ్యాచ్ వేలానికి చోటు దక్కలేదు. పరుగులోకి మరికొందరిని రానిచ్చారు గానీ పరుగు అవసరాన్ని తగ్గించలేదు.

రోజంతటికీ, అన్ని షేర్లకూ రాత్రికి రాత్రి మార్చమని ఎవరూ అడగనక్కర్లేదు. కొన్ని షేర్లను ఎంచుకుని, రెండు ఎక్స్ఛేంజీల్లోనూ ఒకేసారి, కొన్ని నెలలపాటు 100 మిల్లీసెకన్ల బ్యాచ్‌లు నడపాలి. అలాంటివే మరికొన్ని షేర్లను పాత పద్ధతిలో ఉంచి పోల్చాలి. కొనుగోలు-అమ్మకం ధరల తేడా తగ్గిందా, ఆర్డరు బుక్ లోతు పెరిగిందా, కుదుపుల రోజుల్లో మార్కెట్ ఎలా నిలబడింది అన్నవి లెక్కలతో సహా ప్రజల ముందు పెట్టాలి. ఫలితం ప్రతికూలంగా వస్తే వదిలేయవచ్చు. పరీక్షించకుండా వదిలేయడానికి మాత్రం కారణం కనిపించదు. దానికి కావలసిన పద్ధతీ, అనుభవమూ ప్రీ-ఓపెన్ రూపంలో మన ఎక్స్ఛేంజీలకు ఉన్నాయి.

సెబీ చర్చాపత్రాలకు అభిప్రాయం పంపే హక్కు బ్రోకర్లకూ పెద్ద సంస్థలకూ మాత్రమే ఉందని చాలామంది అనుకుంటారు. ఆ హక్కు ప్రతి పౌరుడిదీ. మార్కెట్ నియమాల మీద ఈసారి పత్రం విడుదలైనప్పుడు, మీరు ఒక్క మ్యూచువల్ ఫండ్ యూనిట్ కలిగి ఉన్నా సరే, బ్యాచ్ వేలాన్ని పరీక్షించండని రెండు వాక్యాలు రాసి పంపండి.